చెడిన హార్డుడిస్కు – పోయిన ఫైళ్లు
(ప్రసంగపాఠము)



జంషెడ్‌పూరు వాసులకు లోహమును గూర్చి చెప్పబూనుట సాహసమే యగును. 1912 ఫిబ్రవరిలో ఇచ్చట తొలి ఉక్కు దిమ్మె పోతపోయబడినది. 1919లో సాక్చి గ్రామమునకు జంషెడ్‌పూరను పేరు వచ్చినది. 1946 నవంబరు 21వ తేదీన రాజగోపాలాచారిగారు శంకుస్థాపన చేసిన జాతీయ లోహ పరిశోధనాలయమును 1950 నవంబరు 26వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూగారు ప్రారంభించిరి. లోహవిద్యకు ఇంతటి నెలవైన ఈ యూరిలో, చాల యిండ్ల బీరువాలలో చీరల మడతల నడుమ ఒక చిన్న పెట్టె దాగియున్నది. అరచేతిలో నిముడును. దాని కడుపులో నున్నది కూడ లోహవిద్యయే. అయినను అది చెడిననాడు, కొలుముల ప్రక్కన జీవితము గడపినవారు సైతము దిక్కుతోచక దానిని రెండుమార్లు బల్లపై తట్టి చూచుచుందురు. ఆ తట్టుట ఎంతటి ప్రమాదమో చెప్పుటయే ఈ ప్రసంగమునకు తొలి ప్రయోజనము.

ఆ పెట్టెలో ఏమున్నది? పెండ్లి ఛాయాచిత్రములు, పిల్లల పరీక్షాపత్రముల నకళ్లు, సర్వీసు రిజిస్టరు ప్రతులు, పింఛను కాగితములు – వీనిలో పెక్కింటిని తిరిగి సంపాదింపవచ్చును, శ్రమయే అధికము. కాని వేసవి సెలవులలో శ్రీకాకుళమునుండి వచ్చిన అమ్మమ్మ మంచముపై కూర్చుండి చెప్పిన కథను మనుమడు ఫోనులో పట్టి ఆ డిస్కులో దాచియుండిన, ఆమె గతించిన పిదప ఆ కంఠమునకు నకలు ఏ కార్యాలయమునందును దొరకదు. హిందీలో చదువుకొని, ఆంగ్లములో పరీక్షలు వ్రాయుచున్న ఇచ్చటి పిల్లలకు ఆ అరగంట రికార్డే ఊరి తెలుగు. డిస్కు చెడుట యన్నది వస్తునష్టము గాదు. వస్తువు అంగడిలో దొరకును.

ఈ యంత్రము పుట్టుక 1956వ సంవత్సరమున. ఐ.బి.ఎం. సంస్థ ఆ సెప్టెంబరులో ప్రకటించిన రామాక్ యంత్రములో 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెను. బరువు టన్నుకు పైమాటే. అంతటి భూతము దాచినది సుమారు 50 లక్షల అక్షరములు. నేడు ఫోనుతో తీసిన ఛాయాచిత్రము రెండైనను అందులో పట్టుట సందేహమే. నేటి డిస్కులోని పళ్లెము గాజుతోనో అల్యూమినియపు మిశ్రలోహముతోనో చేయబడును. దానిపై కోబాల్టు, క్రోమియము, ప్లాటినము కలసిన అతిసన్నని అయస్కాంతపు పూత. ఆ పూతలోని సూక్ష్మకణముల అయస్కాంతదిశయే అక్షరము. దానిని చదువు ముల్లు గ్రామఫోను ముల్లువలె పళ్లెమును తాకదు. పళ్లెము నిమిషమునకు 5,400 మార్లో 7,200 మార్లో తిరుగుచుండ, ఆ వేగమునకు పుట్టిన గాలిపొరపై ముల్లు తేలియాడుచుండును. ఆ యెడము కొద్ది నానోమీటర్లు మాత్రమే. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లని తలచినచో, ఒక ధూళికణము ఆ ముల్లునకు కొండవలె కనబడుననుట అతిశయోక్తి గాదు. ఇంతటి స్వల్పమైన అయస్కాంతపు జాడను పసిగట్టు ముల్లు సాధ్యమైనది, 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా కనుగొనిన ఒక అయస్కాంత ధర్మమువలన. దానికై వారికి 2007లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది.

ఇప్పుడు వ్యాధి మాట. హార్డుడిస్కు చెడినదని అందరు ఒక్కటే మాటగా అందురు గాని, వ్యాధులు వేరు, వైద్యములు వేరు. చెవి యొగ్గి వినుట మొదటి పరీక్ష. ఏ చప్పుడును లేక దీపమైనను వెలుగనిచో తప్పు తీగెదో, లోపలి పలకదో కావచ్చును. తీగె మార్చి, వేరొక కంప్యూటరుకు తగిలించి చూచుట నిరపాయము. డిస్కు సాఫీగా తిరుగుచు, కంప్యూటరు దానిని గుర్తించుచు, ఫైళ్లు మాత్రము కనబడనిచో అది పొరపాటున తుడుపబడినదో, ఫైళ్ల పట్టిక చెడినదో అయియుండును. అక్షరములు చాలవరకు పదిలముగనే యుండును. ఇక టక్కు టక్కుమను లయబద్ధమైన చప్పుడు వినబడెనా, ముల్లు తన స్థానమును వెదకికొనలేక కొట్టుకొనుచున్నదని గ్రహింపవలెను. ఆ క్షణముననే విద్యుత్తు తీసివేయవలెను. మరియొకసారి చూతమను ఆశయే ఇచ్చట శత్రువు. విరిగిన ముల్లు తిరుగుచున్న పళ్లెముపై గీచిన గీతలోని పూత పొడియై పోవును. పొడియైన పూతనుండి అక్షరమును తీయు విద్య ఎవరియొద్దను లేదు.

సాఫీగా తిరుగు డిస్కును కంప్యూటరు చదువలేనప్పుడు, దీనిని ఫార్మాటు చేయవలెనా యని తెరపై నొక ప్రశ్న వచ్చును. వలదనవలెను. చెక్‌డిస్కు అను మరమ్మతు ఉపకరణమును సైతము రోగిష్ఠి డిస్కుపై ప్రయోగింపరాదు. అది పట్టికను సరిచేయు తొందరలో ఫైళ్లను బలిచేయుట కలదు. పోయిన ఫైళ్లను వెదకు ఉపకరణమును అదే డిస్కుపై దింపుకొనుట, దొరకిన ఫైళ్లను అందులోనే భద్రపరచుట – ఈ రెండును మునిగిన సొమ్మును తీయబోయి దానిపై మన్ను పోయుట వంటివి. మంచుపెట్టెలో నుంచినచో డిస్కు బాగుపడునను గృహవైద్యము కూడ ప్రచారములో నున్నది. వెలుపలికి తీయగనే లోపల తేమ పేరుకొనును. ఆ తేమపై ముల్లు నడచును. ఫలితము చెప్పనక్కరలేదు.

తెలిసినవారు మొట్టమొదట చేయునది నకలు. చెడుచున్న డిస్కును నేరుగా వెదకక, దాని ప్రతి ఖండమును మరియొక డిస్కులోనికి ఎక్కించుకొందురు. డీడీరెస్క్యూ అను ఉచిత ఉపకరణము మొదట సులభముగా చదువవచ్చిన భాగములన్నిటిని గ్రహించి, మొండికెత్తిన భాగములను తుదకు విడిచి, వానిపైకి మెల్లమెల్లగా మరలును. తరువాతి వెదకులాట యంతయు ఆ నకలుపైననే. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అను ఉచిత ఉపకరణములు ఆ పనికి అక్కరకు వచ్చును. చప్పుడు చేయు డిస్కునకు మాత్రము ఇవి యేవియు వర్తింపవు.

సాక్చిలోను బిష్టుపూరులోను కంప్యూటరు మరమ్మతు అంగళ్లు కలవు. తీగె, పెట్టె, పట్టిక – ఇంతవరకు నేర్పరియైన మరమ్మతుదారుని చేతి పని. పలక కాలినచో అటువంటిదే మరియొకటి తెచ్చి తగిలించిన చాలునని కొందరందురు. అది పాతకాలపు మాట. నేటి డిస్కులలో ప్రతి దానికి తనదైన సర్దుబాట్లు ఒక చిన్న చిప్పులో వ్రాయబడి యుండును. ఆ చిప్పును కూడ క్రొత్త పలకకు మార్చిననే గాని డిస్కు పలుకదు. మరికొన్ని వెలుపలి డిస్కులలో పెట్టెలోని పలకయే అక్షరములను గూఢలిపిగా మార్చి వ్రాయును. అట్టివానిని వేరొక పెట్టెలోనికి మార్చిన అంతయు అయోమయము. ముల్లు మార్చవలసి వచ్చినచో ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను పరిమాణపు కణములు 100కు మించని నిర్మలమైన గది కావలెను. వీధి పంకా క్రింద బల్లపై మూత విప్పుదునను వానికి ఎంతటి మిత్రుడైనను డిస్కు నీయరాదు. అటువంటి గదులు పెద్ద నగరములలోని ప్రత్యేక సంస్థల యొద్ద నుండును. ఖర్చు వేల రూపాయలలో నుండును. కనుక పంపుటకు ముందే కొన్ని ప్రశ్నలు. పరీక్షకు రుసుము కలదా? ఏమియు దొరకనిచో ఎంత చెల్లింపవలెను? దొరకిన ఫైళ్ల జాబితా డబ్బు కట్టకముందు చూపుదురా? పాత డిస్కు తిరిగి యిత్తురా? లోని సంగతులు వెలుపలికి పోవని వ్రాతపూర్వకముగా హామీ కలదా? గారంటీ కలదుగదా యని తయారీదారునకు పంపువారొక సంగతి మరువరాదు: గారంటీ క్రొత్త డిస్కు నిచ్చును, పాత అక్షరముల నీయదు, పాత డిస్కు సామాన్యముగా తిరిగి రాదు. కార్యాలయపు కాగితములున్న డిస్కును అధికారుల అనుమతి లేక బయటి మరమ్మతునకు ఇచ్చుట ఉద్యోగులకు తగదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఎంతవరకు ఆశ పెట్టుకొనవచ్చును? దీనికి ఒక వాస్తవ వృత్తాంతము కలదు. 2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా వ్యోమనౌక భూమికి మరలుచు ఆకాశమున ముక్కలై, కర్నాల్‌లో జన్మించిన కల్పనా చావ్లాతో గూడ ఏడుగురు వ్యోమగాములు మృతినొందిరి. ఆ నౌకలో జీనాన్ వాయువు జిగటను పరీక్షించు ప్రయోగ మొకటి జరిగినది. దాని ఫలితములు 400 మెగాబైట్ల డిస్కులో నుండెను. అది శకలములతో టెక్సాసులో ఎండిన కొలనుగర్భమున దొరకినది. కాలి నల్లబడిన లోహపు ముద్ద అది. లోపలికి ధూళి చేరినది. మిన్నెసోటా రాష్ట్రమునందలి నిపుణులు పళ్లెములను శుభ్రపరచి మరియొక డిస్కులో అమర్చి చదువగా సుమారు 99 వంతులు చేజిక్కినవి. ప్రయోగ ఫలితములు 2008లో భౌతికశాస్త్ర పత్రికలో ప్రకటింపబడినవి. అక్షరములున్న భాగమున పళ్లెము గీచుకొనకుండుట, ఆ కంప్యూటరు పాత డాస్ పద్ధతిలో అక్షరములను చెల్లాచెదరు చేయక ఒక్క చోటనే వ్రాసియుండుట కలసివచ్చినవి. ఆ నౌకలోనివే మరి రెండు డిస్కులనుండి మాత్రము ఏమియు తీయలేకపోయిరి. అల్లంత ఎత్తునుండి పడిన డిస్కు పలికినదని మేజాపైనుండి పడినది తప్పక పలుకుననుకొనరాదు. అదృష్టము ఎత్తును బట్టి రాదు.

దొరకిన తరువాతను చిక్కులు తీరవు. పట్టిక చెడిన డిస్కునుండి వచ్చు ఫైళ్లకు పేర్లుండవు. జెపెగ్ చిత్రముల మొదటి బైట్లు ఎల్లప్పుడు ఒకటే గనుక ఆ గుర్తును బట్టి ఉపకరణము వానిని ఏరుకొనును. పీడీఎఫ్ పత్రము తన పేరునే శిరస్సున ధరించియుండును. అంకెలే పేర్లుగా వేలకొలది ఫైళ్లు వచ్చిపడగా, పెండ్లి ఏది, గృహప్రవేశమేది యని ఇంటివారే ఏరుకొనవలెను. తెలుగు సంఘములకు ఇంకొక ప్రత్యేకమైన బాధ కలదు. యూనికోడు ప్రమాణములో తెలుగునకు 1991 నుండియే స్థానమున్నను, అచ్చుపని చేయువారు చిరకాలము అను ఫాంట్లవంటి వానితోనే పేజ్‌మేకరులో కూర్చిరి. ఆ పేజ్‌మేకరు ఆఖరి పాఠము 2001 నాటి 7.0. అట్టి పాత సంచికల ఫైళ్లు అక్షరము పోకుండ తిరిగి వచ్చినను, ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినచో తెలుగునకు బదులు రోమను లిపి చిహ్నముల గందరగోళమే కనబడును. చాలమంది ఫైలు చెడినదని తలచి పారవేయుదురు. అది చెడలేదు, ఫాంటు దొరకిన, లేక యూనికోడులోనికి మార్చు ఉపకరణమున వేసిన, మరల తెలుగై నిలుచును. ఫైలుతోపాటు ఫాంటును, ఒక పీడీఎఫ్ ప్రతిని దాచుట సంపాదకవర్గము వారు చేయదగిన పని. అచ్చుపుస్తకము నొకటి అటకపై నుంచుటయు తక్కువది గాదు.

నకలు తీయుట తెలుగువారికి నేర్పవలసిన విద్యా? తాటాకు పురుగు తినును. తినకముందే మరియొక తాటాకుపై వ్రాయించిరి. సి.పి. బ్రౌనుదొర వేమన పద్యములను సేకరింప బూనినప్పుడు వేర్వేరు చోట్లనుండి పెక్కు ప్రతులు తెప్పించి, పండితులచే పోల్పించి, 1829లో ప్రకటించెను. ఒక ప్రతిలో పోయినది మరియొక ప్రతిలో నుండుటచేతనే ఆ శ్రమ ఫలించినది. నేటి నిపుణులు 3-2-1 యందురు: మూడు ప్రతులు, రెండు తెరగుల సాధనములు, ఒకటి వేరొక ఊరిలో. జంషెడ్‌పూరునకు ఆ మూడవమాట మిక్కిలి ముఖ్యము. ఖర్కాయీ పొంగిననాడు బాగ్‌బేరా, కదమా పల్లపు వీధులలో నీరు నిలుచును. బీరువా అడుగు అర నీట మునిగినచో అందులోని రెండు ప్రతులును ఒక్కటే యగును. విశాఖలోని అన్నగారి ఇంట ఒక డిస్కు, ఇచ్చట ఒకటి, పండుగకు పోయినప్పుడెల్ల మార్పిడి – ఇది పెద్ద ఖర్చు గాదు. నీట తడిసిన డిస్కును ఎండబెట్టక, బియ్యములో పూడ్చక, తడితోనే సంచిలో మూసి నిపుణునికి పంపవలెను. ఎండినచో మురికి పళ్లెమునకు అంటుకొనును. కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి. దెబ్బకు తాళునుగాని, అందు తుడిచిన ఫైలు తరచు కొద్దిసేపటికే నిజముగనే మాయమగును. కావున అదియు మూడు ప్రతులకు ప్రత్యామ్నాయము గాదు.

తుదకు ఏ యాశయు లేదని తేలిన డిస్కును పాతసామానువానికి తూచి యీయరాదు. ఇంటివారికి పలుకని డిస్కు ఇతరుల చేతిలో పలుకవచ్చును. అందు పింఛను కాగితములు, బ్యాంకు లెక్కలు ఉన్నవి. పళ్లెములకు రెండు మూడు రంధ్రములు వేయించి, పిదప ఎలక్ట్రానికు వ్యర్థములను సేకరించు అధికృత కేంద్రమున కీయవలెను. రంధ్రము వేయు డ్రిల్లునకు ఈ యూరిలో కొదువ లేదు. పళ్లెము గాజుదైనచో పగిలి చిమ్మును. కంటికి అద్దములు పెట్టుకొని మరీ వేయవలెను.