ఏటియొడ్డున ఇల్లు – ఒకనాటి పని

ఏటియొడ్డున నిల్లు కట్టుకొనువారి కష్టసుఖములు పెద్దలగు మీకు నేను చెప్పవలసినవి కావు. అయినను 2023వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీని, నిజశ్రావణ మాసమున, మా యింటిపని జరిగిన తీరు వినదగినదని తోచి నేడు మీతో ముచ్చటింప సాహసించుచున్నాను.

మాది గోదావరి పాయల నడుమనున్న యొక లంక. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద 75 అడుగులు మించిన పెద్దవరద తరువాత, 2022 జూలైలో అచట 71 అడుగులు దాటి వచ్చినంత వరదను మేము చూడలేదు. మా తండ్రిగారు కట్టించిన మట్టిగోడల యిల్లు మూడునాళ్లు నీట నాని కూలినది. దూలములును, కొన్ని పెంకులును మాత్రము దక్కినవి. నీరు నిలిచిన మేరకు నేనొక కొబ్బరిచెట్టు మొదట గంటు పెట్టియుంచితిని. క్రొత్తయింటి నేల ఆ గంటునకు ఒక యడుగు పైగా నుండవలెనని నా పట్టు. అట్లయినచో ఎనిమిది మెట్లెక్కవలెను. "ఎనుబదియేండ్లదానను. నా మోకాళ్ల సంగతి యెవరికి పట్టినది?" అని మా తల్లిగారి పట్టు. ఆ తగవు తెగకయే పనికి దిగితిమి.

నాటిపని ఎనిమిది స్తంభములకు అడుగున కాంక్రీటు పోయుట. అధికమాసమని నెలదినములు ఆగిన పని. తెల్లవారి చూడగా గుంటలన్నిట మోకాలిలోతు ఊటనీరు. నీటిలో కాంక్రీటు పోసినచో సిమెంటు కొట్టుకొనిపోయి ఇసుక, కంకర మిగులును. ఇంజను పెట్టి తోడించునప్పటికి తొమ్మిది యైనది. కంకర తెచ్చు పంటు, ప్రవాహపు వడికి వెఱచి, పదునొకండుదాక ఆవలిరేవుననే నిలిచిపోయినది. అది వచ్చి రెండు గుంటలు నిండినవో లేదో వాన పట్టుకొన్నది. పోసినదానిపై టార్పాలిన్లు కప్పి గంటసేపు పశువులపాకలో నిలిచితిమి. ఆ సందున పొరుగువారొకరు వచ్చి, శుక్రవారపు వరలక్ష్మీవ్రతమునకు పిలిచి, వాస్తుమాటలు నాలుగు చెప్పి పోయిరి.

వాన వెలిసిన పిమ్మట, కలిపిన మాలు బిగియుచున్నదని యొక కుర్రకూలీ బిందెడు నీరు కుమ్మరింపబోయెను. తాపీమేస్త్రి వాని చేయిపట్టి ఆపి, "నీరెక్కువైనకొలది బలము తక్కువ. బిగిసినదానిని పారవేయుదముగాని పలుచన చేయరాదు" అనెను. ఇల్లు కట్టించువారందరును జ్ఞాపకముంచుకొనదగిన మాట యిది.

సాయంకాలము అయిదు కావచ్చినది. ఆరు గుంటలు ముగిసినవి. ఏడవది సగములో నున్నది. ఆనాడు దేశమెల్ల చంద్రయాన్-3 వార్తకై ఎదురుచూచుచుండెను. జూలై 14వ తేదీని మన శ్రీహరికోటనుండి బయలుదేరిన ఆ నౌకలోని విక్రమ్, ఆ సాయంకాలమే చంద్రుని దక్షిణధ్రువ సమీపమున దిగవలసియుండెను. కూలీలు పోయి చూతుమనిరి. మేస్త్రి యొప్పుకొనలేదు. "పట్టిన గుంట సగములో విడిచినచో, నేటి పోతకును రేపటి పోతకును అతుకు సరిగా కుదరదు. దీనిని నింపి అందరమును పోవుదము. ఎనిమిదవది వేరు గుంట గనుక రేపు పోయవచ్చును" అనెను. పని యెరుగని నేను సహితము తట్టలందించితిని. అయిదున్నరకు ముగిసినది.

పెరటిలో అందరమును ఒక్క సెల్‌ఫోను చుట్టు మూగితిమి. మా తల్లిగారు నులకమంచముపై కూర్చుండిరి. కళాశాలలో చదువుచున్న పిల్లవాడొకడు ఆమెకు విషయము తెలిపెను. 2019 సెప్టెంబరులో దిగబోయిన మొదటి విక్రమ్ అదుపుతప్పి నేలకు కొట్టుకొన్నది. ఇస్రోవారు అది యేల చెడినదో వెదకి, ఇంకను ఎన్నివిధముల చెడగలదో ముందుగా నెంచి, ఈమారు కాళ్లను గట్టిచేసిరి. ఇంధనము హెచ్చుగా నింపిరి. దిగుచోటును విశాలముగా ఏర్పరచిరి. 6 గంటల 4 నిమిషములకు విక్రమ్ దిగినది. పిల్లలు కేకలు వేసిరి; మేస్త్రి తలగుడ్డ విప్పి గాలిలో విసరెను.

మా తల్లిగారు మాత్రము కొంతసేపు ఊరకుండి నన్ను పిలిచి, "అబ్బాయీ, ఆ చంద్రునిమీద గోదావరి లేదుగదా! అయినను ఒకసారి పడినందుకు కాళ్లు గట్టిచేసినారు. మన యిల్లును ఒకసారి పడినదే. నీ గంటుకు పైననే కట్టించు. మెట్లు మాత్రము పొట్టివిగా వేయించి, ప్రక్కను చేయి ఆనుటకు గోడ పెట్టించు" అనిరి. నెలలతరబడి తెగని తగవు ఆ మాటతో తీరినది. పొట్టిమెట్లు వేయగా ఎనిమిది పదునొకండైనవి.

మరునాడు ఎనిమిదవ గుంట నింపి, వారముదినములు అన్నిటిని తడిపితిమి. ఇప్పుడు మా తల్లిగారు ఆ గోడ పట్టుకొని, నడుమ నొకచోట ఆగి, మెట్లెక్కుచున్నారు.

అయ్యలారా, మీ యూళ్లలో ఏ యేటి నీరు ఎంతవరకు వచ్చినదో కన్నులార చూచినవారు మీరు. ఆ మేరను సంవత్సరముతోగూడ గుడిస్తంభముమీదనో, బడిగోడమీదనో గుర్తు పెట్టించుడు. తరువాత ఇల్లు కట్టుకొను పిల్లలు ముందుగా దానిని చూచుకొందురు.