మగ్గం నిలబెట్టిన ఊరు

నందవరం పక్కనున్న ఎమ్మిగనూరు పేరు చెబితే మన పెద్దవాళ్లకు దుప్పట్లే గుర్తొస్తాయి. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. అప్పటిదాకా నేతగాడికి నూలు ఇచ్చేదీ, బట్ట కొనేదీ ఒకే షావుకారు. ధర కూడా ఆయన చెప్పిందే. సంఘం నూలిచ్చి, మజూరీ చెల్లించి, బట్టను తానే అమ్మిపెట్టింది. సోమప్పకు పద్మశ్రీ ఊరికే రాలేదు.

గుంటమగ్గం మీద నేసేది ఒక్కరే అయినా పని ఇంటిల్లిపాదిదీ. ఒకరు కండెలు చుట్టాలి, ఇంకొకరు ఆసు పోయాలి. పడుగును వీధి పొడవునా చాపి గంజి పెట్టేటప్పుడు ఇరుగుపొరుగు కూడా చేయి వేయాల్సిందే. ఎండ ముదిరితే పోగులు తెగుతాయి కాబట్టి తెల్లవారకముందే మొదలుపెడతారు.

తర్వాత మరమగ్గాలు వచ్చాయి. చేనేతకంటూ కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో చట్టం చేశారు. ఇప్పుడా జాబితాలో మిగిలినవి 11. తువ్వాలు, దుప్పటి అందులో ఉన్నాయి. చట్టం ఉన్నా, మరమగ్గం సరుకు చేనేత పేరుతో అమ్ముడుపోతూనే ఉంది.

నీలకంఠేశ్వరుడి జాతరకు ఎమ్మిగనూరు వెళ్తారుగా! దుప్పటి కొనేముందు చేనేత ముద్ర ఉందేమో అడిగి చూడండి.