ఉప్పునీటి అక్వేరియంలో పాచి: ముందు గుర్తించాలి, తరువాతే మందు

(మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, కరువు భత్యం, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద చేపల తొట్టి సంగతి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. మన సభ్యుల్లో పలువురు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నారు. అక్కడ కొందరి ఇళ్ళలో పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలు ఉంటాయి. పిల్లలు ఆఫీసుకు, మనవలు బడికి వెళ్ళాక పగలంతా ఆ తొట్టి ఎదురుగా ఉండేది మనమే. కొత్త తొట్టికి మొదటి నెలల్లో పాచి పట్టడం మామూలే. అప్పుడు మంచి చేద్దామని తోచిన పని చేస్తే జీవాలు చనిపోతాయి. ఒక్కోసారి ఇంట్లోవాళ్ళకే ప్రమాదం వస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా మన దేశం సంగతి. రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రంలోంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. ఎవరైనా చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు. ఇక్కడ ఉప్పునీటి చేపలు మాత్రమే పెంచుకునేవారికి కూడా నేను చెప్పబోయేదానిలో చాలా భాగం పనికివస్తుంది.

పాచి ఎందుకు పడుతుంది? వరి చేనుకు యూరియా, సూపర్ ఫాస్ఫేట్ వేస్తే పైరు ఏపుగా పెరుగుతుంది కదా. తొట్టిలోనూ అంతే. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్ళి ముందు అమ్మోనియా, తరువాత నైట్రైట్, చివరికి నైట్రేట్ అవుతాయి. ఈ మార్పు చేసే బాక్టీరియా కొత్త తొట్టిలో నిలదొక్కుకోవడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేతలోంచే ఫాస్ఫేట్ కూడా వస్తుంది. పైన దీపం వెలుగుతూనే ఉంటుంది. ఎరువు, వెలుతురు, ఖాళీ రాయి, ఈ మూడూ ఉన్నచోట పాచి పట్టక ఏమవుతుంది?

అయితే పాచి అంతా ఒకటి కాదు. ఒకదానికి చేసే చికిత్స ఇంకొకదాన్ని పెంచుతుంది. ఈ రోజు నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. కాబట్టి ఒక్కొక్కదాని గుర్తులు చెబుతాను.

మొదటిది గోధుమరంగు దుమ్ము. ఇసుక మీద, అద్దం మీద పొడిలా పరుచుకుంటుంది. వేలితో తుడిస్తే పోతుంది. వీటిని డయాటమ్‌లంటారు. వీటి పైపెంకు సిలికాతో తయారవుతుంది. కొళాయి నీటిలోనూ, కొత్త ఇసుకలోనూ ఉండే సిలికేట్ వీటికి ఆహారం. అది అయిపోతే సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. కంగారుపడి మందులు పోయకూడదు.

రెండవది పచ్చని వెంట్రుకల నాచు. రాళ్ళ మీద జుట్టులా వేలాడుతుంది. దీనికి నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువ కావడమే ప్రధాన కారణం. చేత్తో పీకేయడం, నీళ్ళు మార్చడం, నత్తలను వదలడం దీనికి మార్గాలు. చూడటానికి ఇలాగే ఉండి, దగ్గరగా చూస్తే చిన్న ఈకలా కనిపించే బ్రయాప్సిస్ అనే రకం ఉంది. దాన్ని నత్తలు పెద్దగా ముట్టవు. కనుక ఈ తేడా గమనించాలి.

మూడవది పచ్చని గాజుపూసల వంటి బుడగ నాచు. ఒక్కొక్క బుడగా ఒకే ఒక్క జీవకణం! దాన్ని తొట్టిలో చిదపకుండా రాయితో సహా బయటికి తీసి, ఊడబెరకడం మంచిది. చిదిపితే లోపలి విత్తనం లాంటి పదార్థం నీటిలో కలిసి మరింత వ్యాపించవచ్చు.

నాల్గవది ముదురు ఎరుపు లేక ఊదారంగు జిగురు దుప్పటి. ఇసుక మీద మఖమల్ గుడ్డలా పరుచుకుని, పట్టుకుంటే పొరలుగా లేస్తుంది. మన చదువుకునే రోజుల్లో నీలి ఆకుపచ్చ శైవలం అని చెప్పింది ఈ జాతినే. నిజానికి ఇది నాచు కాదు, సైనోబాక్టీరియా. నీటి ప్రవాహం తక్కువగా ఉన్న మూలల్లో, మురికి పేరుకున్నచోట ఎక్కువ పడుతుంది. సన్నని గొట్టంతో పీల్చి తీసేసి, ఆ మూలకు ప్రవాహం పెంచాలి. యాంటిబయాటిక్ వేస్తే చూస్తుండగానే పోతుంది. కానీ కారణం అలాగే ఉంటే మళ్ళీ వస్తుంది. పైగా ఆ మందు మేలు చేసే బాక్టీరియాను కూడా దెబ్బతీయవచ్చు.

అయిదవది అన్నిటికన్నా మొండిది. గోధుమరంగు చీమిడిలా, తీగలు తీగలుగా, గాలిబుడగలతో ఉంటుంది. రాత్రి తగ్గినట్టు కనిపించి మధ్యాహ్నానికి మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. వీటిని డైనోఫ్లాజెల్లేట్‌లంటారు. కొన్ని రకాలు విషపూరితం, వాటిని తిన్న నత్తలు చనిపోతాయి. గుర్తించడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కొంచెం చీమిడి తీసి సీసాలో నీళ్ళతో బాగా కలిపి, కాఫీ వడపోసే కాగితంతో వడకట్టి, ఆ నీటిని గంటసేపు దీపం కింద ఉంచాలి. మళ్ళీ తీగలుగా కూడుకుంటే అవి ఇవే అనుకోవచ్చు. మనవడి దగ్గర మైక్రోస్కోపు ఉంటే ఇంకా నిర్ధారణగా తెలుస్తుంది, తాతా మనవలకు మంచి కాలక్షేపం కూడా.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వెంట్రుకల నాచుకు చేసినట్టు నైట్రేట్, ఫాస్ఫేట్ రెండిటినీ సున్నాకు దించేస్తే, పోటీకి వచ్చే ఇతర జీవులు ఆకలితో తగ్గిపోయి ఈ చీమిడికి ఇల్లు ఖాళీ అవుతుంది. అప్పుడు ఫాస్ఫేట్ పీల్చే మందు ఆపి, నైట్రేట్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మిల్లీగ్రాముకు అటూ ఇటూగా నిలపాలి. పగడాలకూ ఆ కాస్త ఆహారం కావాలి. పగడం ఒంట్లోనే సూక్ష్మమైన నాచు కాపురం ఉండి దానికి తిండి పెడుతుంది. నాచు పూర్తిగా లేని తొట్టి మనకు అక్కర్లేదు. రాళ్ళ మీద గులాబీ, ఊదారంగుల్లో గట్టిగా పెంకులా పట్టేది కూడా నాచే. దాన్ని గోకకండి, అది తొట్టి కుదురుకుంటున్నదనడానికి గుర్తు.

ఇంకొక సందేహం. పరీక్ష చేస్తే నైట్రేట్ సున్నా చూపిస్తున్నా నాచు ఎందుకు పెరుగుతోంది? జీతం వచ్చిన రోజే ఖర్చయిపోతే బ్యాంకు పుస్తకంలో సున్నా ఉంటుంది. అంతమాత్రాన ఆదాయం లేదని కాదు కదా! నీటిలోకి వచ్చినదాన్ని వచ్చినట్టే నాచు తినేస్తోందన్నమాట.

ఇక మనం చేయగలిగిన పనులు. మేత తగ్గించడం మొదటిది. “పాపం, ఆకలిగా ఉన్నాయేమో” అని మనవళ్ళకు పెట్టినట్టు పెడితే అది పాచికే పెట్టినట్టు. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. గడ్డకట్టిన మేతను కరిగించి ఆ నీళ్ళు పారబోయాలి. దీపం ఎనిమిది గంటలకు మించకుండా, కిటికీ ఎండ నేరుగా తగలకుండా చూడాలి. వారానికి పదో వంతు నీళ్ళు మార్చాలి.

ఆ నీళ్ళు ఆర్.ఓ.తో పాటు డీఅయొనైజర్ గుండా కూడా వచ్చినవై, టి.డి.ఎస్. మీటరు సున్నా చూపాలి. మన ఇళ్ళలోని తాగునీటి ఆర్.ఓ. యంత్రాల్లో చాలావాటిలో రుచి కోసం కొంత మామూలు నీరు కలుస్తుంది, అది దీనికి పనికిరాదు. ఆవిరై తగ్గిన నీటికి బదులు ఉప్పునీరు పోయకండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. లీటరుకు 35 గ్రాములుండాల్సిన ఉప్పు రోజురోజుకూ పెరిగిపోతుంది.

టర్బో, ట్రోకస్ నత్తలు బాగా మేస్తాయి. అయితే గంపెడు తేవద్దు, నాచు అయిపోయాక అవి ఆకలితో చనిపోయి మళ్ళీ నీటిని పాడుచేస్తాయి. రాగి కలిసిన పాచి మందులు ఈ తొట్టికి అసలు పనికిరావు. నత్తలు, పగడాలు బతకవు.

చివరిగా, అందరూ గుర్తుపెట్టుకోవలసిన హెచ్చరిక. పాచి వదలడం లేదని తొట్టిలోని రాళ్ళను మరగబెట్టడం, వేడినీళ్ళు పోయడం, పొడిగా ఉన్నప్పుడు బ్రష్‌తో గీకడం ఎన్నడూ చేయకండి. జోయాంథిడ్ జాతి పగడాల్లో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆస్పత్రి పాలైన సంఘటనలున్నాయి. చేతికి గాయం ఉంటే నీళ్ళలో పెట్టకండి, లేకున్నా గ్లవుజులు, కళ్ళద్దాలు పెట్టుకోండి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు కరెంటు ఆపండి. ఆ పని అయ్యాక మళ్ళీ వేయడం మరచిపోకండి, పంపు ఆగితే చేపలకు ఊపిరాడదు.

ఏది మార్చినా ఒక్కటే మార్చండి, రెండు వారాలు ఆగి ఫలితం చూడండి, తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. ఫైళ్ళు నడిపిన మనకు ఆ ఓపిక, ఆ అలవాటు రెండూ ఉన్నాయి. ఉద్యోగాల హడావుడిలో ఉన్న పిల్లలకు లేనిది అదే. ఆ విధంగా మనం వాళ్ళకు నిజమైన సహాయం చేసినవాళ్ళమవుతాం.