విశ్వకిరణములు – మానవ మేధ

1969వ సంవత్సరమున చంద్రునికడ కేగిన అమెరికా యాత్రికులు చీకటిలో, కన్నులు మూసికొనియున్నపుడును, మెఱపులు చూచిరి. అవి స్వప్నములు గావు. ఆకాశాంతరమునుండి వచ్చు విశ్వకిరణములు కంటిలో దూరిపోవుటచే గలిగినవి. 1912లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హెస్ బెలూనెక్కి మీదికి పోయి కనుగొన్నది ఈ కిరణములనే.

కంటిలో దూరునవి మెదడును విడుచునా? న్యూయార్కు రాష్ట్రమందలి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో చిట్టెలుకలపై ప్రాణవాయువు, టైటానియముల విద్యుత్కణములను అతివేగముగ ప్రయోగించిరి. ఎలుక క్రొత్త వస్తువు కనబడినచో మొదట దానినే వాసన చూచును గదా. ఆఱు వారముల పిమ్మట వీనికి పాతక్రొత్తల భేదమే సరిగా తెలియదయ్యెను. మెదడులో నాడీకణముల శాఖలు తఱిగియుండెను. 2015లో లిమోలీ పండితుని బృందము ఈ సంగతి ప్రకటించెను.

ఎలుక మనుజుడు గాదు. నెలలకొలది సోకవలసినదానిని స్వల్పకాలములో సోకించిరనియు ఆక్షేపింపవచ్చును. న్యాయమే. కాని కుజగ్రహమునకు పోవుటకే ఇంచుమించు ఏడు నెలలు. మనలను గాచు వాయుమండలము, భూమి అయస్కాంతశక్తి అంతదూరము తోడురావు. ఓడ గోడలు దట్టము చేసినచో కిరణములు వానిని తాకి క్రొత్త కణములను పుట్టించును. ఆపద వచ్చినపుడు ఇచ్చటినుండి సలహా చేరుటకే ఒక్కొక్కప్పుడు 20 నిమిషములు పట్టును; అందాక నావికునకు తన జ్ఞాపకమే ఆధారము.