పుట్టకముందే పడే ముద్ర

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను సివిల్ ఇంజనీరును. బయాలజీని పదో తరగతితోనే వదిలేశాను. వెటర్నరీ చదువుతున్న మా అమ్మాయి చెప్పిన ఒక ప్రయోగం మాత్రం నన్ను వదల్లేదు.

1959లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఫీనిక్స్, గోయ్, జెరాల్, యంగ్ అనే శాస్త్రవేత్తలు చూలుతో ఉన్న గినీపిగ్‌లకు టెస్టోస్టెరాన్ ఇచ్చారు. వాటికి పుట్టిన ఆడ కూనలు పెద్దయ్యాక, ఆడ హార్మోన్లు ఇచ్చినా ఆడవాటిలా స్పందించడం తగ్గింది. టెస్టోస్టెరాన్ ఇస్తే మగవాటి తీరు ఎక్కువగా కనబరిచాయి. ఎదిగిన ఆడవాటికి అదే హార్మోన్ ఇచ్చినప్పుడు అలాంటి శాశ్వతమైన మార్పు రాలేదు.

మా వృత్తి భాషలో చెప్పాలంటే, పచ్చి కాంక్రీటు మీద అడుగు పడితే గుర్తు నిలిచిపోతుంది. గట్టిపడ్డాక ఎంత తొక్కినా పడదు. హార్మోన్ ఎంత అన్నదే కాదు, ఎప్పుడు అన్నదీ ముఖ్యం. ఎలుకల్లో ఆ అదను పుట్టుకకు అటూ ఇటూ కొన్ని రోజులే. ఇంకో వింత ఏమిటంటే, ఎలుక మెదడులో టెస్టోస్టెరాన్ చాలావరకు ఈస్ట్రోజెన్‌గా మారి పని చేస్తుంది. ఆడ హార్మోన్ అని మనం పేరు పెట్టుకున్నదే అక్కడ మగ తీరు దిద్దుతోంది! మరి తల్లి ఈస్ట్రోజెన్ ఆడ కూనలను మార్చదా? కూనల రక్తంలోని ఆల్ఫా ఫీటోప్రోటీన్ దాన్ని పట్టి ఉంచి మెదడుకు చేరనివ్వదు.

మనిషి గినీపిగ్ కాదు. అడ్రినల్ గ్రంథుల్లో పుట్టుకతో వచ్చే ఒక లోపం వల్ల, గర్భంలోనే మగ హార్మోన్లు ఎక్కువగా సోకిన ఆడపిల్లలకు మగపిల్లల ఆటల మీద మక్కువ సగటున ఎక్కువ. అయినా వారిలో అత్యధికులు తమను ఆడవారిగానే భావిస్తారు. పెంపకం, పరిసరాలు, ఇంకా ఎన్నో కలిస్తేనే మనిషి.

ఇదంతా ఇక్కడ ఎందుకంటే, మా తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. నడక, మాట సుకుమారంగా ఉండేవి. 'ఆడంగి' అని ఏడిపించేవాళ్ళం. వాడి నడకను అనుకరించి అందరినీ నవ్వించినవాణ్ణి నేనే. తొమ్మిదో తరగతి మధ్యలో వాడు బడి మానేశాడు. ఈ రోజు ఈ సభలో లేడు.

వాడి నడకకు కారణం హార్మోన్లే అని నేను అనను. అది తేల్చడం నా పని కాదు. కానీ మనలో కొంత మనం కళ్ళు తెరవకముందే, మనల్ని అడగకుండానే రూపుదిద్దుకుంటుందని ఎవరైనా చెప్పి ఉంటే, నోరు మూసుకునేవాణ్ణేమో. నిజానికి, చెప్పకపోయినా మూసుకోవాల్సింది.

మాస్టార్లకూ టీచరమ్మలకూ ఒక విన్నపం. ఏ తరగతిలోనైనా అలాంటి నవ్వు వినిపిస్తే, ఒక్క పది నిమిషాలు పాఠం ఆపి ఈ గినీపిగ్‌ల సంగతి చెప్పండి. మా బ్యాచ్ మిత్రులకు ఇంకో విన్నపం. వాడి ఆచూకీ తెలిస్తే నాకు చెప్పండి. క్షమాపణ బాకీ ఉంది.

సెలవు.