పాటకూ ఒక పట్టా



పట్టా అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఈ రోజు ఈ వేదిక మీద స్నాతకుల చేతికిచ్చేది ఒకటి. ఊళ్లో ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకునేది రెండోది. ఆ రెండోది లేని రైతు పరిస్థితి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కౌలుకు తీసుకున్న చేలో ఎంత పండించినా బ్యాంకు అతనికి అప్పివ్వడానికి వెనకాడుతుంది. పంట పోయినప్పుడు వచ్చే పరిహారం చాలాసార్లు భూమి ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాలోకే పోతుంది. చెమట ఒకరిది, కాగితం ఇంకొకరిది. నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నది ఆఫ్రికా సంగీతం, సినిమా రంగాల గురించి. అక్కడి యువతకు ఆ రంగాల్లో ఉద్యోగాలు, శిక్షణ, పెట్టుబడి ఎలా అందాలన్న ప్రశ్న గురించి. అయినా కౌలు రైతుతో మొదలుపెట్టాను. ఎందుకంటే నా వాదన అంతా ఆ కాగితం చుట్టూనే తిరుగుతుంది.

1939లో దక్షిణాఫ్రికా నగరం జొహానెస్‌బర్గ్‌లోని గాలో కంపెనీ స్టూడియోలో సాలమన్ లిండా అనే జులూ గాయకుడు తన బృందంతో 'ఎంబూబే' అనే పాట రికార్డు చేశాడు. ఎంబూబే అంటే సింహం. ఆయన ఆ కంపెనీలోనే రికార్డులు ప్యాక్ చేసే కూలీ కూడా. పాట హక్కులు పది షిల్లింగులకు కంపెనీ చేతికి వెళ్లాయి. ఆ రికార్డు ఓడెక్కి అమెరికా చేరింది. అక్కడ 1950లలో 'విమోవే' అయింది, 1961లో 'ది లయన్ స్లీప్స్ టునైట్' అయింది, 1994లో డిస్నీ వారి 'లయన్ కింగ్' సినిమాలోకి ఎక్కింది. లిండా మాత్రం 1962లోనే పేదరికంలో కన్నుమూశాడు. 2004లో ఆయన కుటుంబం తరఫున డిస్నీ మీద కేసు పడింది, 2006లో రాజీ కుదిరింది. ఆ కేసుకు ఆధారం 1911 నాటి బ్రిటిష్ సామ్రాజ్య కాపీరైట్ చట్టంలోని ఒక నిబంధన. రచయిత చనిపోయిన 25 ఏళ్లకు హక్కులు వారసులకు తిరిగి రావాలని అందులో ఉంది. లిండా విషయంలో ఆ గడువు 1987లో నిండింది. అక్కణ్నుంచి కోర్టు మెట్లెక్కడానికి ఇంకో 17 ఏళ్లు పట్టింది. దీన్ని అందరూ దోపిడీ కథగా చెబుతారు. దోపిడీయే, అనుమానం లేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ఆ 17 ఏళ్లు. చట్టం పుస్తకంలో ఉంది, పాట ప్రపంచమంతా మోగుతోంది, వారసులు సొవెటోలో ఉన్నారు. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చదివే మనిషి అంతకాలం దొరకలేదు. ఆఫ్రికా కళారంగానికి ఇప్పటికీ గాయకుల కొరత లేదు. ఆ చదివే మనిషి కొరతే ఉంది.

అంకెలు చూద్దాం. 2021లో యునెస్కో ఆఫ్రికా సినిమా పరిశ్రమ మీద ఒక నివేదిక వేసింది. సినిమా, దృశ్యమాధ్యమ రంగం ఖండం మొత్తం మీద 50 లక్షల మందికి పని ఇస్తోందనీ, స్థూల ఉత్పత్తిలో 500 కోట్ల డాలర్లు దానిదేననీ అంచనా కట్టింది. తగిన ఊతం దొరికితే 2 కోట్ల ఉద్యోగాలకు, 2,000 కోట్ల డాలర్లకు పెరగగలదని కూడా చెప్పింది. ఈ రెండో జత అంకెలు ఆ తర్వాత ఎన్ని ఉపన్యాసాల్లోకి ఎక్కాయో లెక్కలేదు. పెన్ను తీసుకుని భాగహారం చేసినవాళ్లు తక్కువ. మొదటి జతను భాగిస్తే తలకు ఏడాదికి 1,000 డాలర్లు వస్తుంది. రెండో జతను భాగించినా సరిగ్గా 1,000 డాలర్లే. ఉద్యోగాలు నాలుగింతలయ్యాక కూడా తలకు వచ్చేది దమ్మిడీ పెరగదన్నమాట. అదీ రంగం మొత్తం ఉత్పత్తిని పంచితే వచ్చిన లెక్క, జీతంగా చేతికందేది ఇంకా తక్కువ. చాలా దేశాల్లో రావలసిన రాబడిలో సగానికి పైగా పైరసీకే పోతోందని అదే నివేదిక చెబుతోంది. కాబట్టి ఎన్ని ఉద్యోగాలు అని అడిగి ఊరుకుంటే కుదరదు. ఏ వాటాతో అని కూడా అడగాలి.

సంగీతానిదీ అదే దారి. అంతర్జాతీయ రికార్డు కంపెనీల సమాఖ్య లెక్క ప్రకారం 2024లో సహారా దిగువ ఆఫ్రికాలో రికార్డెడ్ సంగీతం రాబడి 22.6 శాతం పెరిగి మొదటిసారి 10 కోట్ల డాలర్లు దాటింది. స్ట్రీమింగ్ వచ్చింది, ఇక చింత లేదు అనేవాళ్లు ఈ అంకెనే చూపిస్తారు. అదే ఏడాది ప్రపంచం మొత్తం రాబడి 2,960 కోట్ల డాలర్లు. వంద రూపాయల్లో అర్ధరూపాయి కూడా ఆ ప్రాంతానికి దక్కలేదు, దక్కినదాంట్లో ముప్పాతిక ఒక్క దక్షిణాఫ్రికాదే. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఇది ఆ ప్రాంతంలో జరిగిన అమ్మకాల లెక్క. నైజీరియాలోని లాగోస్ పాటను లండన్‌లో వింటే ఆ డబ్బు బ్రిటన్ పద్దులో చేరుతుంది. అందులో కొంత లాగోస్‌కు తిరిగొస్తుంది. ఎంత తిరిగొస్తుందన్నది పాట హక్కులు ఎవరి పేరున, ఏ ఊళ్లో నమోదై ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. మళ్లీ కాగితం దగ్గరికే వచ్చాం.

నిధులు, శిక్షణ, హక్కుల నమోదు కావాలన్న ఈ వాదనకు బలమైన ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. ఏ నిధీ, ఏ శిక్షణా సంస్థా లేకుండానే నైజీరియా సినిమా పరిశ్రమ నాలీవుడ్ పుట్టింది కదా అంటారు. నిజమే. 1992లో కెన్నెత్ న్నెబూయే అనే వీడియో క్యాసెట్ల వ్యాపారి ఇగ్బో భాషలో 'లివింగ్ ఇన్ బాండేజ్' తీయించి, థియేటర్ల జోలికి పోకుండా నేరుగా క్యాసెట్లుగా అమ్మాడు. లాగోస్ ఇడుమోటా బజారులోని క్యాసెట్ కొట్లే అప్పుడు డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులు. మూడు దశాబ్దాలు తిరక్కముందే నైజీరియా ఏడాదికి సుమారు 2,500 సినిమాలు తీసే స్థాయికి చేరింది. ప్రభుత్వం చెయ్యి పెట్టి ఉంటే ఇది జరిగేదా అన్న సందేహం న్యాయమైనదే. కానీ ఆ బజారు పద్ధతికి ఒక హద్దు ఉంది. సినిమాను ఊరూరా చేర్చిన ఆ కొట్లలోంచే నకిలీ క్యాసెట్లూ వెళ్లాయి. ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో నిర్మాతకు చెప్పే లెక్క లేదు. లెక్క లేని సినిమాకు రెండోసారి రాబడి ఉండదు, రెండోసారి రాబడి లేనప్పుడు వారంలో ఒక సినిమా చుట్టేసి ఇంకోటి మొదలుపెట్టడమే బతుకుతెరువు. నైజీరియా 2014లో తన స్థూల దేశీయోత్పత్తిని కొత్తగా లెక్కవేసినప్పుడు గానీ ఈ రంగం సర్కారు పద్దులోకి సరిగ్గా ఎక్కలేదు. అంటే 22 ఏళ్లు. స్వయంకృషికి జోహార్లు చెప్పడం సులువు. ఆ స్వయంకృషిని నమ్ముకుని కుర్రాళ్లు ముసలివాళ్లయ్యారు.

డబ్బు రాలేదా అంటే వచ్చింది. నైజీరియా కేంద్ర బ్యాంకు 2019లో సినిమా, సంగీతం, ఫ్యాషన్ రంగాలకు 9 శాతం వడ్డీకి అప్పులిచ్చే పథకం పెట్టింది. ఆఫ్రికా ఎగుమతి దిగుమతి బ్యాంకు 2020లో 50 కోట్ల డాలర్లతో మొదలుపెట్టిన కళారంగ నిధిని 2024లో 200 కోట్లకు పెంచింది. అంకెలు పెద్దవే. అయితే బ్యాంకు అనేది లాగోస్‌లోనైనా గుంటూరులోనైనా ఒకే జాతి, తాకట్టు అడుగుతుంది. నమోదు కాని పాటను తాకట్టు పెట్టుకునే బ్యాంకు దొరకడం కష్టం. దాంతో కళారంగం పేరున పెట్టిన అప్పు ఇల్లో స్థలమో ఉన్నవాళ్లకు చేరడం సులువు, పాట ఒక్కటే ఉన్నవాళ్లకు కష్టం. లెక్కలు సరిగ్గా రాసుకున్న కంపెనీ సంగతి వేరేగా నడిచింది. నైజీరియా సంగీత నిర్మాత డాన్ జాజీ 2012లో స్థాపించిన మావిన్ రికార్డ్స్‌లో 2019లో బయటి పెట్టుబడిదారులు డబ్బు పెట్టారు, 2024లో యూనివర్సల్ మ్యూజిక్ మెజారిటీ వాటా కొనడానికి ముందుకొచ్చింది. మన దగ్గర రీల్స్ నిండా మోగిన 'కామ్ డౌన్' పాడిన రేమా ఆ కంపెనీ గాయకుడే. దీన్ని సాలమన్ లిండా కథతో కలపకూడదు. ఇది బేరమాడి చేసిన అమ్మకం. కానీ ఆ వాటాను కొనగల సంస్థ ఆఫ్రికాలోనే ఎందుకు లేదన్నది అడగదగ్గ ప్రశ్న. పాటల హక్కుల విలువ కట్టడం తెలిసిన బ్యాంకు అధికారులు, ఆడిటర్లు, న్యాయవాదులు అక్కడ వందల్లో తయారైతే తప్ప దానికి జవాబు దొరకదు.

ప్రభుత్వం డబ్బిస్తే పాటను కూడా తన చేతిలోకి తీసుకుంటుందన్నది ఇంకో ఆక్షేపణ. దీనికి గినీ దేశం కంటే మంచి సాక్ష్యం లేదు. 1958లో స్వతంత్రం వచ్చాక అధ్యక్షుడు సెకూ తూరే ప్రాంతానికొక ఆర్కెస్ట్రా పెట్టించాడు. వాయిద్యాలు సర్కారువి, జీతాలు సర్కారువి, సిలిఫోన్ అనే రికార్డు కంపెనీ కూడా సర్కారుదే. బెయ్లా అనే మారుమూల పట్టణం నుంచి బెంబేయా జాజ్ బృందం వచ్చి పశ్చిమాఫ్రికాను ఊపేసింది. ఆ సంగీతం గొప్పది, ఈనాటికీ పాతబడలేదు. అదే గొంతులు అధ్యక్షుణ్నీ పార్టీనీ పొగడవలసి వచ్చింది కూడా. 1984లో ఆయన పోగానే ఆ వ్యవస్థంతా కూలిపోయింది. దీన్ని చూపించి సర్కారు సొమ్మే వద్దనేవాళ్లతో నేను సగమే ఏకీభవిస్తాను. ఏ పాట పాడాలో చెప్పగలిగే చోట సర్కారు డబ్బు పెట్టకూడదు. హక్కుల నమోదు కార్యాలయం, వ్యాజ్యాలు త్వరగా తేల్చే న్యాయస్థానం, లెక్కలు తనిఖీ చేసే యంత్రాంగం, ఇవి పాటలోని మాటను ముట్టుకోవు. అక్కడ పెట్టాలి. రెవెన్యూ ఆఫీసు పొలానికి పట్టా ఇస్తుంది గానీ ఏ పంట వెయ్యాలో చెప్పదు కదా!

చట్టం చేస్తే చాలు అనుకోవడమూ పొరపాటే. కెన్యా 2022లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, కాలర్ ట్యూన్ల మీద వచ్చే ఆదాయంలో కళాకారుడి వాటా 52 శాతమని అంకె వేసి మరీ రాసింది. అలా రాసిపెట్టడం మంచి పని. మన దేశం 2012లో చట్టం మార్చి, సినిమా పాటల రచయితలు, సంగీత దర్శకులు తమ రాయల్టీ హక్కును నిర్మాతకు రాసిచ్చినా చెల్లదని తేల్చింది. కానీ ఆ రాయల్టీలు వసూలు చెయ్యవలసిన సంఘం కొత్త చట్టం కింద తిరిగి నమోదు కావడానికే 2017 దాకా పట్టింది. నైజీరియాలో నియంత్రణ సంస్థ 2018లో ఒక ప్రముఖ వసూళ్ల సంఘం లైసెన్సునే నిలిపేసింది. కళాకారుడి పేరున వసూలైన డబ్బు కళాకారుడికి చేరే దారిలో ఇంకిపోవడం ఏ ఒక్క దేశం జబ్బూ కాదు. దీనికి మందు గాయకుల దగ్గర లేదు. కామర్స్, లా, కంప్యూటర్ చదివినవాళ్ల దగ్గరుంది.

శిక్షణ గురించి ఒక్క ఉదాహరణ చాలు. టాంజానియా ద్వీపం జాంజిబార్‌లోని స్టోన్ టౌన్‌లో, సముద్రపు ఒడ్డున ఉన్న పాత కస్టమ్స్ భవనంలో, 2002లో ధౌ (తెరచాప ఓడ) దేశాల సంగీత అకాడమీ మొదలైంది. అరబ్బు, ఆఫ్రికా, మన దేశపు బాణీలు ఓడల వెంట వచ్చి కలిసిపోగా పుట్టిన తారబ్ సంగీతాన్ని అక్కడ నేర్పుతారు. దాతల నిధులు ఎండిపోవడంతో 2019లో ఆ బడి మూతపడే అంచుకు చేరింది. దాత మీదే ఆధారపడిన బడికి దాత మనసు మారినప్పుడల్లా ఇదే గండం. దక్షిణాఫ్రికాలో మరో దారి కనిపిస్తుంది. 1961లో ఏర్పడ్డ సామ్రో అక్కడి రాయల్టీల వసూళ్ల సంఘం, దాని ఫౌండేషన్ సంగీత విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిస్తుంది. ఒక తరం పాట సంపాదిస్తే ఆ సంపాదనలో కొంత తర్వాతి తరం చదువుకు చేరుతోంది. వసూలు ఉన్నచోటే ఇది సాధ్యం.

ఆసుపత్రులు, తాగునీరు లేనిచోట పాటకు పెట్టుబడా అని అడిగేవాళ్లకు నా జవాబు చిన్నది. జనాభాలో సగం మంది 20 ఏళ్ల లోపు వాళ్లే ఉన్న ఖండం అది. వాళ్లు ఇప్పటికే పాడుతున్నారు, తీస్తున్నారు, ఆ సరుకు ఇప్పటికే అమ్ముడుపోతోంది. తమకు రావలసిన డబ్బును తెచ్చుకోవడం ఆసుపత్రికి అడ్డు రాదు. దాని మీద కట్టే పన్ను ఆసుపత్రికే పనికొస్తుంది.

ఇదంతా మనకు దూరపు సంగతేమీ కాదు, ఆఫ్రికా దేశాల నుంచి హైదరాబాద్, విశాఖ విశ్వవిద్యాలయాలకు వచ్చి చదువుకునేవాళ్లు ఏటా ఉంటున్నారు. మద్రాస్ ఐఐటీ తన తొలి విదేశీ ప్రాంగణాన్ని 2023లో ఆ జాంజిబార్‌లోనే తెరిచింది. అక్కడ డేటా సైన్స్ నేర్చుకుంటున్న కుర్రాడికీ, అదే ద్వీపంలో తారబ్ నేర్చుకుంటున్న అమ్మాయికీ మధ్య దూరం ఎంతో లేదు. ఈ సభలో ఆ దూరం ఇంకా తక్కువ. సంగీతం, నాటకం, సినిమా చదివిన స్నాతకులు ఎడమవైపు వరుసల్లో ఉన్నారు. లా, కామర్స్, కంప్యూటర్ వాళ్లు కుడివైపు ఉన్నారు. కాసేపట్లో భోజనాలు. దయచేసి ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చోకండి.