పెద్దలతో పట్నప్రయాణము: బస ఎచ్చట?

ఊరు విడిచి పట్నమునకు పోవువాడు మొదట బండి సంగతి విచారించును. పిదప బస సంగతి విచారించును. ఒంటరిగా పోవునప్పుడు ఈ వరుసలో దోషము లేదు. వయసులో నున్నవానికి రాత్రి తల వాల్చుటకు చోటు దొరకిన చాలును. పగలంతయు ఎట్లును వీధులలోనే గడచును. కాని డెబ్బది యేండ్లు దాటిన తల్లినో తండ్రినో వెంటబెట్టుకొని పోవునప్పుడు ఈ వరుస మారవలెను. అప్పుడు బస ఎచ్చట అన్నదే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు మేము ఒకమారు తప్పుడు సమాధానము చెప్పుకొంటిమి. దాని ఫలమును అనుభవించినది మేము కాదు, మా తల్లిగారు. మా పొరపాటు నలుగురికి పనికివచ్చునేమో యని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

మాది పరిటాల. విజయవాడనుండి హైదరాబాదు పోవు రాజమార్గముమీద, కంచికచెర్లకు ఇవతల నున్న ఊరు. ఒకప్పుడు వజ్రపు గనులకు పేరుపొందినది. 2003లో నిలిపిన 135 అడుగుల ఆంజనేయ విగ్రహమువలన ఆ దారిని పోవు బస్సు ప్రయాణికులందరికిని నేడు అది కొండగుర్తు. కృష్ణాజిల్లాను విభజించిన పిదప, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఇంగ్లీషువారి కాలమున చుట్టును వారి ఏలుబడి యుండగా, పరిటాల మాత్రము మరికొన్ని గ్రామములతోపాటు నిజాము రాజ్యమునకు చెందియుండెను. కావున మా పెద్దలకు హైదరాబాదు దూరపు పట్నమే గాని పరాయి పట్నము కాదు. నేటికిని నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములవారు పెద్ద వైద్యము అనగానే ఒక కన్ను విజయవాడవైపును, ఒక కన్ను హైదరాబాదువైపును వేసి ఆలోచింతురు.

మా తల్లిగారు ఊరిలోనే యుందురు. మేము ఉద్యోగరీత్యా విజయవాడలో నున్నాము. మూడేండ్ల క్రిందట వారి కన్నులకు శుక్లములు వచ్చినవి. దానితోపాటు కంటి లోపలి పొరకుకూడ ఏదో దోషమున్నదని ఇక్కడి వైద్యులు అనుమానించి, హైదరాబాదులో ఒక వైద్యునకు చూపింపుమనిరి. ఆ మాట వినగానే మా తల్లిగారికి మొదట తోచినది వైద్యము కాదు, సాలార్‌జంగ్ మ్యూజియములోని గడియారము. పెండ్లియైన క్రొత్తలో మా నాయనగారితో పోయి దానిని చూచిరట. గంట గంటకును అందులోనుండి ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోనికి పోవును. పట్టపగలు పన్నెండు గంటలకు పన్నెండు దెబ్బలు కొట్టును. అది చూచుటకు జనము ముందుగానే వచ్చి కూర్చుందురు.

"కళ్ళు పూర్తిగా మసకేయకముందే మళ్ళీ ఒకసారి చూపించు నాయనా" అనిరి. తప్పక చూపించెదమని మాట యిచ్చితిమి.

వైద్యశాల పంజాగుట్టలో నున్నది. మేము గది తీసికొన్నది మాదాపూరులో. ఎందుకనగా, గది విశాలముగా నున్నది, ఫోటోలు బాగున్నవి, తల్లిని తీసికొని పోవుచున్నాము గదా, మంచి హోటలులో ఉంచవలెనని మా ఉబలాటము. చేతిలోని ఫోనులో పటము తెరచి చూచితిమి. రాత్రి పది గంటలవేళ చూచుటచే దారి మిక్కిలి దగ్గరగానే కనబడినది.

మరునాడు ఉదయము ఆరున్నరకు గది విడిచితిమి. పరీక్షలు ఒకదాని వెంట ఒకటి జరుగలేదు. నడుమ నడుమ చాలసేపు కూర్చుండవలసి వచ్చినది. కంటిపాప విప్పారుటకు మందుచుక్కలు వేసిరి. ఆ చుక్కలు వేసిన పిదప కొన్ని గంటలవరకు దగ్గరి వస్తువులు మసకగా కనబడును. వెలుతురు కన్నులను బాధించును. పన్నెండు గంటలకు, "మూడింటికి రండి" అని పంపివేసిరి. మాదాపూరు పోయి మరల వచ్చుటకు ఆ మూడు గంటలలో సగము దారిలోనే పోవును. కావున అచ్చటనే బల్లమీద కూర్చుంటిమి. మా తల్లిగారు కొంగు కన్నులకు అడ్డము పెట్టుకొని, గోడకు చేరగిలబడి సాయంకాలము నాలుగున్నరవరకు గడపిరి. రెండుమార్లు నీళ్ల సీసా అందించితిమి. "దాహం లేదు" అనిరి. మేము నమ్మితిమి.

హోటలు వాకిట ఆటో దిగునప్పుడు వారికి కన్నులు తిరిగినవి. చేయి పట్టుకొంటిమి కనుక పడలేదు. గదిలో పరుండబెట్టి, ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు త్రాగించిన తరువాత అసలు సంగతి బయటపడినది.

"నీళ్ళు తాగితే బాత్‌రూముకు పోవాలి. అదెక్కడో మెట్లెక్కి పోవాలన్నారు. కళ్ళా కనపడటం లేదు. ఆడవాళ్ళ దాంట్లోకి నువ్వు రాలేవు. ఎందుకొచ్చిన గొడవ అని తాగలేదు నాయనా."

ఉదయమునుండి సాయంకాలమువరకు వారు గుక్కెడు నీరు ముట్టలేదు. ఇట్టి పని చేయునది మా తల్లిగారొక్కరే కాదని పిదప విచారింపగా తెలిసినది. ప్రయాణమనగానే నీరు మానివేయు ముసలమ్మలు ప్రతి ఇంటను ఉన్నారు. వారు ఆ సంగతి కొడుకులతో చెప్పరు. వయసు మీరినకొలది దాహము తెలియుటయే తగ్గునని వైద్యులు చెప్పుదురు. దానిపై పంతము పట్టి మానివేసినచో కన్నులు తిరుగుటయు, పడుటయు, మూత్రవ్యాధులు కలుగుటయు వింత కాదు. తుంటి యెముక విరిగినచో కంటి వైద్యమునకు వచ్చినవారు కాలి వైద్యమునకు నిలిచిపోవలసి వచ్చును.

మరునాడు మ్యూజియము సంగతి ఎత్తితిమి. "వద్దులే నాయనా, ఇంటికి పోదాం" అనిరి. దారి పొడుగునను మాకు మాట పెగలలేదు.

ఆ హోటలులో లోపము ఏమియు లేదు. లోపము మా లెక్కలో నున్నది. మేము గదిని రాత్రి కొరకు కుదుర్చుకొంటిమి. పెద్దలకు బస రాత్రి కొరకు కాదు, మధ్యాహ్నము కొరకు. పగటివేళ రెండు పనుల నడుమ వెనుకకు వచ్చి, నడుము వాల్చి, తమకు అలవాటైన మరుగుదొడ్డికి పోయి, నాలుగు మెతుకులు తిని మరల బయలుదేరుటకు వీలున్నదా అన్నదే కొలత. వీలు లేనిచో, అది పట్టుపరుపుల గది యైనను వారికి బస కానేరదు.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నమునుండి పరివారముతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. వారి 'కాశీయాత్ర చరిత్ర' చూచినవారికి తెలియును. మజిలీ చేరగానే దిగుటకు చోటున్నదా, నీటి వసతి యెట్టిది, అంగళ్లున్నవా అన్న విచారణ అందులో మాటిమాటికి వచ్చును. నేడు మనము గది చూచి ఊరుకొనుచున్నాము. గది చుట్టును ఏమున్నదో చూచుట మానివేసితిమి.

మూడు నెలల తరువాత శస్త్రచికిత్సకు మరల పోవలసి వచ్చినది. ఈమారు అమీరుపేటలో, పెద్దవీధికి లోపలనున్న ఒక సందులో సామాన్యమైన లాడ్జి కుదుర్చుకొంటిమి. గది చిన్నది, కిటికీ తెరచిన ఎదురింటి గోడ కనబడును. కాని వైద్యశాలకు ఆటోలో పది నిమిషముల దారి. 2018 సెప్టెంబరునుండి ఎల్.బి. నగరు, అమీరుపేటల నడుమ మెట్రోరైలు నడచుచున్నది. మన వైపునుండి పోవువారు ఎల్.బి. నగరులో బస్సు దిగి, నడుమ బండి మారకయే అమీరుపేట చేరవచ్చును. స్టేషనులు ఎత్తుమీద నున్నను లిఫ్టులున్నవి. లిఫ్టు రోడ్డుకు ఏ ప్రక్కన దింపునో ముందుగా అడిగి తెలిసికొనవలెను. తప్పు ప్రక్కన దిగినచో ఆ రోడ్డు దాటుట పెద్దలకు నది దాటుటవంటిది.

మొదటి దినము పరీక్షలు పదకొండు గంటలకు ముగిసినవి. పన్నెండు గంటలకు మా తల్లిగారు గదిలో పెరుగన్నము తిని పరుండిరి. మేము క్రింద కాఫీ త్రాగి, ఫోనులో కొంత పని చూచుకొని సాయంకాలము పైకి పోగా గది తలుపు చేరవేసి యున్నది. లోపల వారు లేరు. గుండె ఝల్లుమన్నది. మెట్లు దిగి సందులోనికి పరుగెత్తితిమి. నాలుగిండ్ల అవతల ఒక చిన్న అమ్మవారి గుడి యున్నది. దాని అరుగుమీద మా తల్లిగారు కూర్చుండి, సూర్యాపేటనుండి మనుమరాలితో వచ్చిన మరియొక పెద్దావిడతో ముచ్చటించుచున్నారు. మేము కోపపడబోతిమి.

"నాలుగిళ్ళే గదా నాయనా! గోడ పట్టుకొని వచ్చాను. నేనేమన్నా చిన్నపిల్లనా?" అనిరి.

మాకు నోట మాట రాలేదు. మాదాపూరులో మూడు రాత్రులున్నను వారు ఒక్కమారైనను గడప దాటి తమంతట తాము పోలేదు. పోవుటకు చోటు లేదు. వాకిట వెడల్పైన రోడ్డు, దానిమీద ఆగని బండ్లు. అచ్చట వారు మేము ఎత్తించిన చోట ఎక్కి, దింపిన చోట దిగిన సామానువలె నుండిరి. అమీరుపేట సందులో వారు మరల పరిటాలలోని మనిషి యైరి. ఇరుగుపొరుగు నెరిగిరి, ఇడ్లీ ఏ బండిమీద మెత్తగా నుండునో మాకే చెప్పిరి. సందులోకూడ మోటారుసైకిళ్లు వచ్చును, భయము లేకపోలేదు. అయినను పెద్దలు తమ కాళ్లతో తాము పోగలిగిన నాలుగిండ్ల దూరము వారి గౌరవమునకు సంబంధించినదని మాకు ఆ సాయంకాలము తెలిసినది.

ఇక గది కుదుర్చుకొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవి. వానిని ఫోనులో లాడ్జివారినే అడుగవలెను, ఫోటోలు చెప్పవు. వాకిటినుండి లిఫ్టువరకు మెట్లెన్ని? కరెంటు పోయినప్పుడు లిఫ్టు నడచునా? క్రింది అంతస్తులో గది దొరకునా? మరుగుదొడ్డి కుర్చీవంటిదా, నేలబారుదా? స్నానపుగది నేల జారునా? వేడినీళ్లు ఏ వేళ వచ్చును? ఆటో వాకిటివరకు వచ్చునా, సందు మొదటనే ఆగునా? ప్రక్కన ఫంక్షను హాలున్నదా? ఈ కడపటి ప్రశ్నను తేలికగా తీసికొనరాదు. పెండ్లి ముహూర్తముల దినములలో దాని ప్రక్కన గది తీసికొన్నవారికి నిద్ర యుండదు. పటములో 'అయిదు నిమిషముల నడక' అని యున్నచో అది పడుచువాని నడక. మోకాళ్ల నొప్పులవారికి దానిని మూడింతలు చేసికొనవలెను.

అద్దె సంగతి. పనికి దగ్గరగా నున్న గది కొంత ప్రియముగా తోచవచ్చును. దూరపు గదికి ఇచ్చు అద్దెలో దినమునకు రెండుమార్ల ఆటో ఖర్చు కలిపి, పిదప రెండింటిని పోల్చి చూడవలెను. తరచుగా తేడా నిలువదు.

పని మారినచో చోటును మారును. తెల్లవారుజామున రైలు ఎక్కవలసియున్నచో స్టేషను ప్రక్కనే మేలు, చప్పుడు ఉన్నను సరే. జగ్గయ్యపేటనుండి విజయవాడ వైద్యమునకు వచ్చువారు బస్సుస్టాండుకు దగ్గర యని ఆలోచింతురు. వైద్యశాలకు దగ్గర యని ఆలోచింపవలెను. తిరుపతిలో దేవస్థానమువారి శ్రీనివాసము బస్సుస్టాండు ఎదుటను, విష్ణునివాసము రైల్వేస్టేషను ఎదుటను ఉన్నవి. దిగిన వెంటనే విశ్రమింపవలసిన పెద్దలకు అవి అనుకూలము. దర్శనము తెల్లవారుజామున నున్నచో కొండమీదనే గది యుండుట మంచిది. కాశీలో ఘట్టమునకు దగ్గర యని సందుల నడుమ దిగుదురు. ఆ సందులలోనికి బండి రాదు. నడువలేనివారితో పోయినప్పుడు, రిక్షా ఎంతవరకు వచ్చునో తెలిసికొన్న పిదపనే గది మాట.

శస్త్రచికిత్స యైన నెలకు కన్ను చూపించుటకు మరల అదే లాడ్జికి పోతిమి. మ్యూజియమునకు శుక్రవారము సెలవు గనుక అది కాని దినము చూచుకొంటిమి. ఉదయము మెట్రోలో మహాత్మాగాంధీ బస్సుస్టేషనువరకు పోయి, అచ్చటనుండి ఆటోలో పదకొండున్నరకు మ్యూజియము చేరితిమి. గడియారము ఎదుట కూర్చుంటిమి. మా తల్లిగారి చేతిలో నీళ్ల సీసా యున్నది. అడుగకయే రెండు గుక్కలు త్రాగిరి. పన్నెండు గంటలకు బొమ్మ వచ్చినది. వారు వ్రేళ్లు ముడుచుచు పన్నెండు దెబ్బలును లెక్కించిరి.

"ఇంత చిన్నదా నాయనా ఈ బొమ్మ! అప్పుడు మీ నాయన పక్కన నుంచుని చూస్తే ఎంతో పెద్దదిగా కనపడింది" అనిరి.

ఒంటిగంటన్నరకు మరల గదికి వచ్చి పరుండిరి. సాయంకాలము లేచి గుడివైపు పోయిరి. మేము వెంట పోలేదు.